వెండి దారి – 9: తాగేదాకా కింద పెట్టలేని గిన్నె

ఏ గిన్నెకైనా అడుగు ఉండాలి. పోసింది ఒలకకుండా నిలవాలంటే కింద ఆనడానికి కాస్త చదునైన చోటు కావాలి. పదిహేడో శతాబ్దపు డచ్చి కంసాలులు ఈ చిన్న నియమాన్ని కావాలనే తప్పారు. వాళ్ళు చేసిన ఒక రకం వెండి గిన్నెకి అడుగు ఉండాల్సిన చోట గాలిమర ఉంటుంది. అచ్చమైన గాలిమరే. పలకల గోడలు, వాలు కప్పు, నాలుగు రెక్కలు, పైకెక్కడానికి నిచ్చెన, ఆ నిచ్చెన దగ్గర వేలిగోరంత మనుషులు. గిన్నె ఖాళీగా ఉన్నప్పుడు మూతి కిందికి బోర్లిస్తే గంటలా నిలబడుతుంది, దాని నెత్తిన గాలిమర ముచ్చటగా కొలువుతీరుతుంది. తాగాలంటే మొత్తం తలకిందులు చెయ్యాలి. అప్పుడు మర కిందికి వేలాడుతుంది, గిన్నె నోరు పైకొస్తుంది. ఇక వైన్ పోశాక దాన్ని బల్ల మీద పెట్టే దారి లేదు. తాగి ఖాళీ చేస్తేనే చేతికి విడుదల.

అసలు ఆట ఇంకా ఉంది. మర గోడకి ఆనించి సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. తాగబోయేవాడు అందులో ఊదితే రెక్కలు గిర్రున తిరుగుతాయి. వాటితో పాటు ఒక ముల్లు కదిలి, గోడ మీద గడియారంలా చెక్కిన అంకెల్లో ఏదో ఒకదాని దగ్గర ఆగుతుంది. రెక్కలు ఆగేలోగా గిన్నె ఖాళీ చేశాడా, బతికిపోయాడు. చెయ్యలేదా, ముల్లు ఎంత చూపిస్తే అన్ని గిన్నెలు మళ్ళీ తాగాలి. గట్టిగా ఊదితే రెక్కలు ఎక్కువసేపు తిరుగుతాయి, తాగడానికి వ్యవధి దొరుకుతుంది. కాబట్టి ఎంత ఊపిరి ఉంటే అంత మేలు. అప్పటికే రెండు విడతలు పుచ్చుకున్నవాడికి ఊపిరెక్కడిది అన్నది వేరే సంగతి.

ఇంట్లో అలంకారానికి ఏ పువ్వో పిట్టో చాలదా, గాలిమరే ఎందుకు? ఆ దేశంలో గాలిమరంటే బొమ్మ కాదు, కాళ్ళకింద నేల. సముద్రమట్టానికి దిగువన ఉన్న ఊళ్ళు, పొలాలు మునగకుండా రాత్రింబవళ్ళు నీళ్ళు తోడిపోసింది అవే. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన బేమ్‌స్టర్ అనే పెద్ద సరస్సుని 40కి పైగా గాలిమరలతో తోడి ఆరబెట్టి, 1612 నాటికి దాన్ని సాగునేలగా మార్చారు. నీళ్ళు తోడే యంత్రాన్ని వైన్ తోడే యంత్రంగా మార్చి నవ్వుకోవడం ఆ జనానికే చెల్లింది.

పోయిన వారం స్పెయిన్ వెండి నౌకల దళం 1628లో క్యూబా తీరాన మతాన్సాస్ అఖాతంలో డచ్చి నౌకాధిపతి పీట్ హైన్‌కి చిక్కిన కథ చెప్పుకున్నాం. ఆ ఒక్క దెబ్బకి డచ్చి వెస్టిండియా కంపెనీకి దక్కిన సొత్తు విలువ సుమారు కోటీ పదిహేను లక్షల గిల్డర్లు. అందులో చాలా భాగం యుద్ధానికే పోయింది. కానీ పెరూ, మెక్సికో గనుల వెండి డచ్చి ఓడరేవులకి రావడానికి దోపిడీ ఒక్కటే దారి కాదు. స్పెయిన్‌తో యుద్ధం నడుస్తూనే ఉన్నా వ్యాపారం ఆగలేదు, సరుకు పోతూనే ఉంది, స్పానిష్ నాణెం వస్తూనే ఉంది. అలా వచ్చిన వెండిలో కొంత ఓడలెక్కి మన సముద్రాల వైపు వచ్చింది. ఆ సంగతి తర్వాత. కొంత అక్కడే కంసాలి మూసలో కరిగి, బల్లమీది గిన్నె అయింది. ఈ వారం మనకి కావలసింది ఆ గిన్నె.

యూరప్‌లో వెండి పాత్రలు లేని దేశం లేదు. అయినా డచ్చివాళ్ళ పానపాత్రల్ని వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. వాటి మీది పనితనంలో చాలా భాగం కంటికింపుగా ఉండటానికి మాత్రమే చేసింది కాదు. తాగేవాడికి పెట్టిన షరతు అది. ఎవరు తాగాలి, ఎంత తాగాలి, ఏ సందర్భానికి తాగాలి, ఎవరి తర్వాత ఎవరు తాగాలి, ఇవన్నీ గిన్నే చెబుతుంది. ఆ లెక్కన గాలిమర గిన్నె వాటిలో నోరు పెద్దది, అంతే.

దున్న కొమ్ముతో కూటమి

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ చూడటానికి జనం విరగబడతారు. అదే మ్యూజియంలో బార్తొలొమేయుస్ వాన్ డెర్ హెల్స్ట్ 1648లో వేసిన విందు చిత్రానికి అంత గిరాకీ లేదు. మన కథకి మాత్రం అదే ముఖ్యం. అయిదున్నర మీటర్ల వెడల్పు చిత్రం. 80 ఏళ్ళ స్పెయిన్ యుద్ధాన్ని ముగించిన మున్‌స్టర్ సంధిని పురస్కరించుకుని, ఆ ఏడాది జూన్ 18న నగర రక్షక దళం వాళ్ళు చేసుకున్న విందు అది. కుడివైపు కూర్చున్న దళపతి కార్నెలిస్ విట్సెన్ ఒక చేత్తో తన సహచరుడికి కరచాలనం చేస్తున్నాడు. రెండో చేతిలో ఉన్నది కత్తి కాదు, వెండి తాపడం చేసిన పెద్ద కొమ్ము.

చిత్రకారుడు ఊహించి గీసిన వస్తువు కాదది. 1566లో చేయించిన సెయింట్ జార్జ్ దళం కొమ్ము. దళానికి రక్షకుడు సెయింట్ జార్జ్ కాబట్టి గుర్రమెక్కి మహాసర్పాన్ని పొడుస్తున్న ఆయన బొమ్మే దాని అలంకారం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి దళాలు మూడు ఉండేవి. తుపాకులవాళ్ళ కొమ్ము 1547 నాటిది. బాణాలవాళ్ళు సెయింట్ సెబాస్టియన్‌ని కొలిచేవారు, వాళ్ళ కొమ్ము 1565 నాటిది. బాణాలకి గురైన మనిషిని విలుకాళ్ళే రక్షకుడిగా పెట్టుకోవడం కాస్త వింతగా తోస్తుంది గానీ, యూరప్ అంతటా అదే వాడుక. ఆ మూడో కొమ్ముని మరింత దగ్గరగా చూడాలంటే లండన్ నేషనల్ గ్యాలరీకి వెళ్ళాలి. విల్లెమ్ కాల్ఫ్ 1653 ప్రాంతంలో గీసిన చిత్రంలో ఉంది. ఉడికించిన ఎర్రటి సముద్రపు రొయ్య, సగం ఒలిచిన నిమ్మకాయ, తివాచీ, వాటి వెనక ఈ కొమ్ము. కొమ్ముని మోసే వెండి దిమ్మె మీద చెట్టుకి కట్టేసిన సెబాస్టియన్, ఆయనకి గురిపెట్టిన విలుకాళ్ళు స్పష్టంగా కనిపిస్తారు. మెరిసే దున్న కొమ్ము మీద కిటికీ వెలుతురు ఎలా జారిందో చూడండి, వెండి మీద ఎలా విరిగిందో చూడండి. కాల్ఫ్‌కి దళం మీద భక్తేమీ లేదు. ఆయనకి కావలసింది ఆ మెరుపు.

దళంలో చేరిన కొత్తవాడు, పదవి దిగిపోయే దళపతి, విందుకొచ్చిన పెద్దమనిషి, ఇలా ఒకరి చేతి నుంచి ఒకరికి ఈ కొమ్ము తిరిగేది. ఒకే పాత్రలో తాగారంటే అందరూ ఒక కట్టు అని అర్థం. ఎంగిలి పట్టింపున్న మనకి ఇది మింగుడుపడటం కష్టమే. వాళ్ళకి ఆ ఎంగిలిలోనే పొత్తు. అయితే పొత్తు ఖర్చుతో కూడుకున్నది. హార్లెం నగరంలో ఈ దళాల విందులు ఎంత సాగేవంటే, 1621లో నగరపాలకులు కలగజేసుకుని మూడు రోజులు, మహా అయితే నాలుగు రోజులు మించకూడదని కట్టడి చేశారు. ఫ్రాన్స్ హాల్స్ గీసిన విందు చిత్రాల్లో ఎర్రబడ్డ బుగ్గల వెనక ఉన్న లెక్క ఇది.

నేలమాళిగలో హాన్స్

రక్షక దళాల బల్ల దగ్గర్నుంచి గృహస్థు బల్ల దగ్గరికి వద్దాం. ‘హాన్స్యే ఇన్ డె కెల్డర్’ అంటే ‘నేలమాళిగలో చిట్టి హాన్స్’ అనే గిన్నె ఒకటుంది. నిలువు కాడ మీద వెడల్పాటి లోతు తక్కువ గిన్నె. మధ్యలో గుండ్రటి చిన్న బుడిపె, దానికొక మూత. బుడిపె లోపల తేలే బెండు, బెండుకి అతికిన సన్నటి కడ్డీ, దాని కొసన వెండి పసిపాప. గిన్నెలో వైన్ పోస్తే రంధ్రంలోంచి లోపలికి చేరి బెండుని పైకి లేపుతుంది. మూత మెల్లగా తెరుచుకుని పాప తల బయటికి వస్తుంది. అంటే ఆ ఇంటి ఇల్లాలు నీళ్ళోసుకుందని చుట్టాలకి చెప్పినట్టు. నోరు విప్పి చెప్పనక్కర్లేదు. గిన్నె బల్ల మీదికి రాగానే అందరికీ తెలిసిపోయేది. వచ్చినవాళ్ళు పుట్టబోయే బిడ్డ పేర తలా ఇంత తాగి దీవించేవారు.

పురుడు వచ్చాక ఇంకో పానీయం. వైన్‌లో గుడ్డు సొన, చక్కెర, దాల్చినచెక్క, లవంగాలు కలిపి కాచిన కాండేల్. చూడవచ్చిన ఆడవాళ్ళందరికీ అది పొయ్యాలి. దాల్చినచెక్క సింహళం నుంచి, లవంగాలు మలుక్కా దీవుల నుంచి డచ్చి ఓడల్లో వచ్చినవే. ఆ దీవుల్లో ఆ లవంగాల కోసం డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏమేం చేసిందో ఈ ధారావాహికలో ముందే చదివారు. బాలింత గదిలో ఆ ఘాటు వాసన వెనక అదీ ఉంది.

ఇక ఉత్తరాన ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్ ప్రాంతాల్లో రైతు కుటుంబాలకి బ్రాందీ గిన్నె ఉండేది. ఇరువైపులా చదునైన పట్టుచెవులు, కింద పొట్టి పీఠం, కోలగా ఉండే ఒళ్ళు. పెళ్ళికి, పురిటికి అందులో బ్రాందీ పోసి, చక్కెర వేసి, ఎండుద్రాక్ష నానబెట్టి బల్ల చుట్టూ తిప్పేవారు. వెండి చెంచాతో తలా ఒక చెంచా నోట్లో వేసుకుని పక్కవాళ్ళకి అందించాలి. ఇక్కడ షరతు గాలిమర గిన్నెకి సరిగ్గా తిరగబడింది. గుటక వేసే పని లేదు, పోటీ లేదు. చెంచాడుతో సరి. లేవార్డెన్ లాంటి ఫ్రీస్‌లాండ్ పట్టణాల కంసాలులు ఆ గిన్నె ఒంటి మీద తులిప్ పూలు, గులాబీలు, ఆకుల తీగలు ఉబ్బెత్తుగా లేపేవారు. చెవుల మీద దంపతుల పేర్ల పొడి అక్షరాలు, పెళ్ళి తేదీ చెక్కించేవారు. తర్వాతి తరంవాళ్ళు వాటి పక్కనే తమ అక్షరాలు చేర్చేవారు. రాజదర్బారుల కోసం చేసిన గొప్ప పాత్రలన్నీ ఒక ఎత్తు, ఈ బ్రాందీ గిన్నె ఒక ఎత్తు అని నా అభిప్రాయం. ఆ దేశపు మామూలు మనుషుల సంబరం ఉన్నది ఇందులోనే.

ఒకే రేకు

అంతవరకూ గిన్నె విలువంటే ముందు తూకం, ఆ తర్వాతే పనితనం. వెండి గిన్నె బల్ల మీద ఉన్న నిల్వ సొమ్ము. అవసరం పడితే కరిగిస్తే నాణేలవుతుంది, నాణేలు ఎక్కువైతే గిన్నె అవుతుంది. ఈ లెక్కని తలకిందులు చేసింది యుట్రెక్ట్ నగరానికి చెందిన ఒక కంసాలి కుటుంబం. ఆడమ్ వాన్ వియానెన్, పౌలుస్ వాన్ వియానెన్ అన్నదమ్ములు. తమ్ముడు పౌలుస్ దేశాలు పట్టుకుపోయాడు. మ్యూనిక్, సాల్జ్‌బర్గ్ తిరిగి 1603లో ప్రాగ్ చేరి చక్రవర్తి రెండో రుడాల్ఫ్ ఆస్థానంలో కుదురుకున్నాడు. రుడాల్ఫ్‌కి పాలన మీద కన్నా చిత్రాల మీద, రసవాదం మీద, వింత వస్తువుల మీద మోజెక్కువ. అలాంటి ప్రభువు దొరకడం కళాకారుడికి అదృష్టం, రాజ్యానికి కాదు. పౌలుస్ వెండి రేకు మీద అడవుల్ని, కొండల్ని, వాటి మధ్య దేవతల్ని గాలికి కదులుతున్నారా అన్నంత పలచగా లేపేవాడు. స్నానమాడుతున్న డయానా దేవతని పొరపాటున చూసి జింకగా మారిపోయిన ఆక్టియోన్ కథతో 1613లో చేసిన పెద్ద పళ్ళెం రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఆ ఏడాదే ఆయన ప్రాగ్‌లో చనిపోయాడు.

ఆ మరుసటి ఏడు, 1614లో, ఆమ్‌స్టర్‌డామ్ కంసాలుల సంఘం పౌలుస్ స్మృతికి ఒక మూత కూజా చేయించాలనుకుంది. పని అప్పజెప్పింది అన్న ఆడమ్‌కి. పోయినవాడూ ఆ సంఘం మనిషి కాదు, చేసేవాడూ కాదు. పొరుగూరి వాళ్ళ కోసం ఒక వృత్తి సంఘం ఇలా డబ్బు ఖర్చు పెట్టడం అంతకుముందు ఎరగని మాట. ఒక కంసాలి చనిపోతే కవికో చిత్రకారుడికో చేసినట్టు స్మారకం చేయించడం అంతకన్నా కొత్త.

ఆడమ్ ఏం చేశాడో చెప్పాలంటే ముందు వెండి స్వభావం చెప్పాలి. రేకుని దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే సాగుతుంది, కొట్టేకొద్దీ బిగుసుకుపోతుంది. ఇంకా కొడితే చీలుతుంది. అందుకని మధ్యమధ్య కుంపట్లో కాచి మెత్తబరచి మళ్ళీ కొట్టాలి. బయటి నుంచి దెబ్బలు వేస్తూ చదును రేకుని గిన్నెగా లేపడం ఒక దశ. లోపల గుగ్గిలం లాంటి జిగురు నింపి, చిన్న ఉలులతో పైనుంచి అదుముతూ బొమ్మ తేల్చడం ఇంకో దశ. మామూలుగా ఒళ్ళు వేరు, పీఠం వేరు, చెయ్యి వేరు చేసి టంకం పెట్టి అతుకుతారు. ఆడమ్ కూజా ఒంటిని ఒకే రేకు నుంచి సాగదీశాడు. పీఠం దగ్గర ఒక కోతి ముడుచుకుని కూర్చుని మొత్తం బరువు మోస్తున్నట్టు ఉంటుంది. చెయ్యి వైపు ఒక స్త్రీ రూపం వంగి కనిపిస్తుంది. ఎక్కడ జుట్టు అయిపోయి అల మొదలైందో, ఎక్కడ అల అయిపోయి ఏదో ప్రాణి నోరు మొదలైందో వేలు పెట్టి చూపలేం. పువ్వులేదు, తీగలేదు, గీత గీసినట్టున్న అంచు ఒక్కటీ లేదు. వెండి ఇంకా కరిగే ఉందేమో, కాసేపట్లో ఇంకో రూపు తీసుకుంటుందేమో అనిపిస్తుంది.

చెవి తమ్మెల్లా మడతలు పడిన ఈ శైలిని డచ్చి భాషలో క్వాబ్ అన్నారు. చూసినవాళ్ళలో కొందరికి అసహ్యం కలిగింది కూడా. మృదులాస్థి, చేప పొట్ట, తడి మాంసం గుర్తొస్తాయి మరి. గిన్నె అందంగా ఉండాలన్న పట్టుదల ఉన్నవాళ్ళకి ఇది నచ్చదు. చిత్రకారులకి మాత్రం పిచ్చి పట్టింది. పదిహేడో శతాబ్దమంతా ఆ కూజా డచ్చి చిత్రాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. బైబిల్ రాజుల బల్ల మీద, గ్రీకు దేవతల విందుల్లో, ఎక్కడ విలువైన పాత్ర కావాలంటే అక్కడ దాన్ని పెట్టేశారు. తూకం వేసి అమ్మే లోహం, గీసి దాచుకునే రూపం అయింది.

ఆడమ్ చేసిన తాగే పళ్ళేలు కూడా ఉన్నాయి. పొడుగు కాడ మీద పళ్ళెంలా విచ్చుకున్న గిన్నెని ఇటలీ వాళ్ళ పేరుతో తాట్సా అనేవారు. బొమ్మ ఉండేది బయట కాదు, లోపలి వైపు. వైన్ నిండుగా ఉన్నప్పుడు అడుగున ఏముందో తెలియదు. తాగేకొద్దీ కొండ, చెట్టు, మనిషి తల ఒక్కొక్కటే బయటపడతాయి. అంత వెడల్పు గిన్నెలోంచి చొక్కా మీద ఒలకబోసుకోకుండా తాగడం మర్యాద తెలిసినవాడికే సాధ్యం. మళ్ళీ షరతే. విల్లెమ్ క్లాస్ హేడా గీసిన బల్లమీది చిత్రాల్లో ఈ తాట్సా చాలాసార్లు పక్కకి ఒరిగి పడి ఉంటుంది. విందు అయిపోయింది, మనుషులు వెళ్ళిపోయారు.

ఆడమ్ 1627లో పోయాడు. కొడుకు క్రిస్టియాన్ తండ్రి నమూనాల్ని 1650 ప్రాంతంలో పుస్తకంగా అచ్చువేశాడు. దాంతో ఆ శైలి కొయ్యపనివాళ్ళ దాకా, చిత్రాల చట్రాలు చేసేవాళ్ళ దాకా పాకింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని నిలబెట్టినవాడు యోహానెస్ లుట్మా. 1656లో రెంబ్రాంట్ ఆయన్ని రాగిరేకు మీద గీశాడు. ముసలాయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పక్కన బల్ల మీద ఆయన చేసిన మడతల వెండి పళ్ళెం, సుత్తి, ఉలులు పెట్టుకునే డబ్బా. వ్యాపారులూ మతబోధకులూ తమ బొమ్మలు గీయించుకుంటున్న కాలంలో సుత్తిని పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. చిత్రకారుడూ కంసాలీ ఇద్దరూ 1669లోనే కన్నుమూశారు.

కొబ్బరి చిప్పకి వెండి తొడుగు

తూర్పు నుంచి వచ్చిన ఓడలు సుగంధ ద్రవ్యాలు ఒక్కటే దింపలేదు. నాటిలస్ అనే సముద్రపు గవ్వ ఒకటి అపురూపంగా దొరికేది. పైపొర రుద్ది తీసేస్తే లోపల ముత్యపు మెరుపు బయటపడుతుంది. దానికి వెండి కాడ, వెండి అంచు, కాడగా సముద్రదేవుడు, అంచు మీద నోరు తెరిచిన జలచరం. ఆమ్‌స్టర్‌డామ్‌లో బెల్లెకిన్ ఇంటివాళ్ళు గవ్వ మీద ఈగల్ని, మిడతల్ని సన్నగా చెక్కడంలో పేరు పడ్డారు. కాల్ఫ్ 1662లో ఒక నాటిలస్ పాత్రని గీశాడు, ఇప్పుడది మాడ్రిడ్‌లో ఉంది. నిజం చెప్పాలంటే ఈ గవ్వలో తాగడం పిచ్చి పని. మూతి వంకర, అంచు పదును, జారితే లక్షలు. ఇవి అద్దాల బీరువాలో కూర్చోబెట్టడానికే.

మనవాళ్ళకి నవ్వొచ్చే సంగతి ఇంకోటి. అదే గౌరవం కొబ్బరి చిప్పకీ దక్కింది. కోనసీమలో పొయ్యిలోకి పోయే చిప్ప అక్కడ వెండి పట్టీలు, వెండి పీఠం, వెండి మూత తొడుక్కుని పెద్దింటి బల్లెక్కింది. చిప్ప మీద బైబిల్ కథలు చెక్కేవారు. మత్తులో పడిపోయిన నోవహు, కూతుళ్ళు తాగించిన లోతు కథలు ఎక్కువ ఇష్టపడ్డారు. తాగే గిన్నె మీద తాగి చెడినవాళ్ళ బొమ్మ! హితబోధా, హాస్యమా అంటే రెండూ అనే చెప్పాలి.

గిన్నె గుడికి వెళ్ళింది

కాల్విన్ మార్గం పట్టిన డచ్చి సంఘాలకి కాథలిక్కుల పూజాపాత్రలు గిట్టలేదు. అక్కడ ద్రాక్షారసం పాదిరి ఒక్కడే తాగేవాడు, ఇక్కడ సంఘంలో అందరూ ప్రభువు బల్ల చుట్టూ కూర్చుని తాగాలి. అందరికీ తిరిగే పాత్ర కావాలి. అది ఇళ్ళలో అప్పటికే ఉంది. అడుగు సన్నం, మూతి కాస్త విచ్చుకుని, చేతులూ కాళ్ళూ లేని పొడుగాటి గ్లాసు, డచ్చివాళ్ళ బేకర్. బీరు తాగే ఆ గ్లాసే ప్రభువు బల్ల ఎక్కింది. చాలామంది తమ ఇంట్లో వాడిన జతల్ని వీలునామాలో చర్చికి రాసిచ్చారు. మూతి చుట్టూ పట్టీలా అల్లిన గీతలు, వాటి మధ్య నుంచి వేలాడే పళ్ళ గుత్తులు, గుత్తుల మధ్య పిట్టలు, కోలాకారపు గళ్ళలో ముగ్గురు స్త్రీలు. ఒకామె చేతిలో సిలువ, ఒకామె పక్కన లంగరు, ఒకామె ఒడిలో పిల్లలు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. విందుబల్ల మీద ఆ ముగ్గురూ ఎంత చెప్పినా ఎవరు విన్నారో గానీ, చర్చిలో వాళ్ళు సరిగ్గా ఒదిగారు.

న్యూ ఆమ్‌స్టర్‌డామ్ 1664లో ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడి న్యూయార్క్ అయ్యాక కూడా అక్కడి డచ్చి సంతతి కంసాలులు ఇవే గ్లాసులు, ఇవే గుత్తులు, ఇవే పిట్టలు చెక్కుతూ వచ్చారు. జెండా మారినంత తేలిగ్గా గ్లాసు మారలేదు.

మిగిలింది తక్కువ

ఇంత చేసినా నేటికి మిగిలినవి కొన్నే. ఎన్ని గిన్నెలు కరిగిపోయాయో లెక్క లేదు. యుద్ధం, పన్ను, అప్పు, మారిన మోజు, ఏదొచ్చినా ముందు మూసలోకి పోయేది వెండే. క్రిస్టియాన్ వాన్ వియానెన్ ఇంగ్లండ్ వెళ్ళి మొదటి చార్లెస్ కోసం విండ్సర్ చర్చికి చేసిన పూజాసామగ్రిని 1642లో అంతర్యుద్ధం మొదట్లోనే పార్లమెంటు పక్షం వాళ్ళు దోచుకుపోయారు. గొప్ప పనితనం కదా అని కొలిమి జాలిపడదు. సంఘాల కొమ్ములు బతికాయంటే అవి ఒకరి సొత్తు కాకపోవడం వల్లే.

కొనాలన్న కోరిక పుట్టినవాళ్ళకి ఒక మాట. పాత డచ్చి వెండి మీద మామూలుగా ఊరి ముద్ర, చేసినవాడి ముద్ర, సంవత్సరపు అక్షరం ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌కి మూడు అడ్డసిలువలు, ద హేగ్‌కి కొంగ. నాణ్యం పరీక్షించేందుకు సంఘం పెద్ద గోకిన వంకరటింకర గీత కూడా ఒక్కోసారి అడుగున కనిపిస్తుంది. 1814 తర్వాత దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. వెయ్యికి 934 పాళ్ళు స్వచ్ఛమైన వెండి ఉంటే మొదటి తరగతి, 833 ఉంటే రెండోది. మన దుకాణాల్లో 92.5 అంటూ అమ్మే వెండి వీటి రెంటికీ మధ్యలో పడుతుంది. అయితే ముద్రలు చూసి మురిసిపోవద్దు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలోని హనావు పట్టణంలో పాత ముద్రల్ని పోలిన ముద్రలతో ‘పురాతన’ వెండి గుట్టలుగా తయారైంది. గాలిమర గిన్నెలు, నాటిలస్ పాత్రలు అన్నీ చేశారు. వేలంపాటల్లో తిరిగే గాలిమర గిన్నెల్లో ఆ కాలంలోనూ ఆ తర్వాతా చేసినవి బోలెడు. ఊదితే అవీ తిరుగుతాయి, తాగడానికి అవీ పనికొస్తాయి. పదిహేడో శతాబ్దపు ధర మాత్రం పెట్టకండి.

వచ్చే వారం మనం ఇంటికి వస్తున్నాం. గోల్కొండ సుల్తాను అనుమతితో డచ్చి కంపెనీ 1606లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. ఓడల్లో అక్కడికి దిగిన వెండి గిన్నె కాలేదు, కలంకారీ బట్ట అయింది. ఎలాగో చూద్దాం.